మళ్లీ మళ్లీ వాడే లాప్రోస్కోపీ పనిముట్లు – వాటి క్షేమం ఎవరు చూస్తారు?



లాప్రోస్కోపీ ఆపరేషన్ కోసం వార్డులో చేరే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు మమ్మల్ని తరచు ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సిస్టర్ గారూ, లోపల పెట్టే ఆ సామాను కొత్తదేనా, ఇంకొకరికి వాడిందా?" కొంత మొహమాటంతోనే అడుగుతారు. మొహమాటపడనక్కరలేదు, అది అడగవలసిన ప్రశ్నే. జవాబు కూడా సూటిగానే చెబుతాము. ఆ సామానులో చాలా భాగం ఇంకొకరికి వాడినదే. ఉక్కుతో చేసిన ఈ పనిముట్లు మళ్లీ మళ్లీ వాడడానికే తయారవుతాయి. మన దేశంలోనే కాదు, ధనిక దేశాల్లోనూ అంతే.

అయితే దీని తరువాత అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. "ఒకరికి వాడిన తరువాత, నాకు వాడేముందు, దాన్ని ఏం చేశారు?" మీ క్షేమం ఆధారపడేది ఈ రెండో ప్రశ్న మీదే. ఈ పాఠంలో దాని గురించి తెలుసుకుందాం.

1. ఈ పనిముట్లు ఏమిటి?

పూర్వం పిత్తాశయంలో రాళ్లు తీయాలంటే పొట్టను జానెడు పొడవున కోసేవారు. 1985లో జర్మనీకి చెందిన డాక్టర్ ఎరిక్ మ్యూహే మొదటిసారి చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్ని తీశారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ఈ ఆపరేషన్‌ను ప్రారంభించారు. ఇప్పుడు పిత్తాశయం, అపెండిక్స్, గర్భసంచి, హెర్నియా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు ఎన్నో ఇలాగే జరుగుతున్నాయి.

ముందు పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు ఎక్కించి కొంచెం ఉబ్బిస్తారు. 5 నుంచి 10 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, వాటిలో ట్రోకార్ అనే గొట్టాలు అమరుస్తారు. ఒక గొట్టం గుండా వెలుగు, కెమెరా ఉన్న టెలిస్కోపు లోపలికి వెళుతుంది. మిగతా గొట్టాల గుండా పొడవాటి కత్తెర, పట్టుకొనే గ్రాస్పర్, కరెంటుతో కోసే హుక్కు వెళతాయి. డాక్టరు గారు టీవీ తెరను చూస్తూ బయటి నుంచి వాటిని ఆడిస్తారు.

ఈ పనిముట్లను దగ్గరగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. మామూలు కత్తెరను కడగడం తేలిక, అంతా కంటికి కనిపిస్తుంది. లాప్రోస్కోపీ కత్తెర అలా కాదు. మూరెడు వరకు ఉండే సన్నని గొట్టం, దాని లోపల ఒక కడ్డీ, కొసన చిన్న కీలు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. గొట్టంలోకి, కీలు సందుల్లోకి రక్తం, కొవ్వు చేరతాయి. అవి బయటికి కనిపించవు. చిన్న గాటుతో ఆపరేషన్ చేయించుకోవడం రోగికి ఎంత సుఖమో, ఆ పనిముట్టును శుభ్రం చేయడం మాకు అంత కష్టం.

2. అమ్మకానికి అనుమతి ఎలా వస్తుంది?

ఇటువంటి పనిముట్టును ఎవరు పడితే వారు తయారు చేసి అమ్మడానికి వీలు లేదు. చాలా దేశాల్లో దీనికి ఒక చట్టం ఉంది.

అమెరికాలో 1976లో వైద్య పరికరాల చట్టం వచ్చింది. అక్కడ ఎఫ్.డి.ఎ. అనే ప్రభుత్వ సంస్థ పరికరాలను ప్రమాదాన్ని బట్టి మూడు తరగతులుగా విభజిస్తుంది. లాప్రోస్కోపు మధ్య తరగతిలోకి వస్తుంది. దానిని అమ్మదలచిన కంపెనీ 510-కె అనే దరఖాస్తు పెట్టి, తన పనిముట్టు ఇప్పటికే చట్టప్రకారం అమ్మకంలో ఉన్న అటువంటి మరొక దానితో క్షేమంలో, పనితనంలో సమానమైనదని రుజువు చూపాలి. రుజువు సరిపోతే "క్లియరెన్స్" ఇస్తారు. ఎక్కువ ప్రమాదమున్న పరికరాలకు ఇచ్చే "అప్రూవల్" వేరు. దానికి ఇంకా పెద్ద పరిశీలన ఉంటుంది.

అయితే పనిముట్టు బాగా కోస్తుందని చూపితే చాలదు. అది శుభ్రపడుతుందని కూడా చూపాలి. 2015లో ఎఫ్.డి.ఎ. ఈ విషయమై వివరమైన సూచనలు వెలువరించింది. అదే కాలంలో డుయోడినోస్కోపు అనే మరొక రకం పరికరం వల్ల కొన్ని అమెరికా ఆసుపత్రుల్లో మందులకు లొంగని క్రిములు ఒక రోగి నుంచి మరొకరికి పాకాయి. చెప్పిన పద్ధతిలో కడిగినా ఆ పరికరం కొసన ఉన్న సందుల్లో క్రిములు మిగిలిపోయిన సందర్భాలు బయటపడ్డాయి. ఆ తరువాత, శుభ్రపరిచే పద్ధతికి రుజువులు కూడా తప్పనిసరిగా జతచేయవలసిన పరికరాల జాబితాను 2017లో ప్రకటించారు. లాప్రోస్కోపీ పనిముట్లు ఆ జాబితాలో ఉన్నాయి.

యూరప్‌లో 2021 మే 26 నుంచి కొత్త చట్టం అమలులోకి వచ్చింది. అంతకు ముందు మళ్లీ వాడే సర్జికల్ పనిముట్ల విషయంలో కంపెనీ తనకు తానే హామీ ఇచ్చుకొంటే సరిపోయేది. కొత్త చట్టం వీటికి ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. కడగడం, క్రిమిరహితం చేయడం, మరమ్మతు, పనితనం పరీక్ష, వాడే సూచనలు – వీటిని బయటి సంస్థ పరిశీలించాలని నియమం చేసింది.

మన దేశంలో వైద్య పరికరాల నియమాలు 2017లో ప్రకటించారు. అవి 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. ప్రమాదం తక్కువ నుంచి ఎక్కువకు ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు ఉన్నాయి. మొదట కొన్ని పరికరాలకే ఈ నియమాలు వర్తించేవి. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలనూ చట్టం కిందకు తెచ్చారు. తరువాత దశలవారీగా, ఎ, బి తరగతులను 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులను 2023 అక్టోబరు నుంచి లైసెన్సు విధానంలోకి తెచ్చారు. విదేశాల నుంచి వచ్చే పరికరాలకు ఢిల్లీలోని కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ అనుమతి ఇస్తుంది. పరికరాలను పరీక్షించే ప్రయోగశాలలు మన దగ్గర కూడా ఉన్నాయి. విశాఖపట్నంలో 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్‌లో పరికరాల తయారీతో పాటు విద్యుత్ భద్రత, శరీరానికి పడే గుణం వంటి పరీక్షలకు ఏర్పాట్లు ఉన్నాయి.

3. అనుమతికి ముందు ఏ పరీక్షలు చేస్తారు?

మొదటిది, శరీరానికి పడుతుందా అనే పరీక్ష. పనిముట్టు నుంచి ఏదైనా విషపదార్థం ఊరుతుందా, జీవకణాలను చంపుతుందా, చర్మానికి ఎలర్జీ కలిగిస్తుందా, మంట పుట్టిస్తుందా అని చూస్తారు.

రెండవది, శుభ్రపడుతుందా అనే పరీక్ష. పనిముట్టుకు రక్తం వంటి మురికిని కావాలని పూస్తారు. కీళ్లలోకి, గొట్టంలోకి కూడా ఎక్కిస్తారు. ఆరనిస్తారు. తరువాత కంపెనీ చెప్పిన పద్ధతిలోనే కడుగుతారు. చివరికి ఎంత ప్రోటీన్ మిగిలిందో కొలుస్తారు. కంటికి శుభ్రంగా కనిపిస్తే సరిపోదు.

మూడవది, క్రిమిరహితమవుతుందా అనే పరీక్ష. ఆవిరి వేడికి చాలా మొండిగా తట్టుకొనే జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా ఉంది. దాని బీజాలను పది లక్షలు తీసుకొని, పనిముట్టులో ఆవిరి చేరడానికి అతి కష్టమైన చోట ఉంచుతారు. ఆటోక్లేవ్‌ను పూర్తి సమయం కాక సగం సమయమే నడుపుతారు. ఆ సగం సమయంలోనే బీజాలన్నీ చావాలి. అప్పుడు పూర్తి సమయం నడిపితే, ఒక బీజం బ్రతికి ఉండే అవకాశం పది లక్షలలో ఒకటి కంటే తక్కువ అని నమ్మవచ్చు.

నాలుగవది, మళ్లీ మళ్లీ వాడితే తట్టుకొంటుందా అనే పరీక్ష. పనిముట్టును ఎన్నోసార్లు కడిగి, ఆటోక్లేవ్ చేసి, కత్తెర పదును, కీలు బిగువు, తుప్పు, పగుళ్లు చూస్తారు.

ఐదవది, కరెంటుతో పనిచేసే వాటికి తొడుగు పరీక్ష. హెచ్చు వోల్టేజిని తట్టుకొని తొడుగులోంచి కరెంటు బయటికి రాకుండా ఉండాలి.

ఈ పరీక్షలన్నీ అయ్యాక కంపెనీ ఒక సూచనల పుస్తకం తయారు చేస్తుంది. పనిముట్టును ఎలా విడదీయాలి, ఏ బ్రష్షు వాడాలి, నీళ్లు ఎంత వేడిగా ఉండాలి, ఎన్ని డిగ్రీల ఆవిరిలో ఎన్ని నిమిషాలు ఉంచాలి, ఎప్పుడు పారవేయాలి అన్నీ అందులో ఉండాలి. ఈ సూచనలు ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. దాని పేరు ఐ.ఎస్.ఓ. 17664.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. పరీక్షలో నెగ్గింది పనిముట్టు ఒక్కటే కాదు. పనిముట్టు, దాన్ని కడిగే పద్ధతి రెండూ కలిసి నెగ్గాయి. కాబట్టి అనుమతి ఆ రెంటికీ కలిపి వచ్చినట్లే. పనిముట్టును కొని, పద్ధతిని వదిలేసిన ఆసుపత్రిలో ఆ సర్టిఫికెట్‌కు విలువ లేదు.

మన ఇళ్లలో ఆవకాయ జాడీ సంగతి మీకు తెలుసు. ఎంత మంచి జాడీ కొన్నా, కడిగి ఎండబెట్టకుండా పచ్చడి పెడితే బూజు పడుతుంది. ఒక్కసారి తడి గరిటె పెడితే ఏడాది పచ్చడి పాడవుతుంది. జాడీ మంచిదే, తప్పు జాడీది కాదు. ఇదీ అంతే.

4. ఆసుపత్రిలో ప్రతిసారీ జరగవలసిన పని

శరీరం లోపలికి వెళ్లే పనిముట్లు పూర్తిగా క్రిమిరహితమై ఉండాలని అమెరికాకు చెందిన ఎర్ల్ స్పాల్డింగ్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త 1960లలోనే బోధించారు. ఇప్పటికీ ప్రపంచమంతా ఆ సూత్రాన్నే పాటిస్తుంది. లాప్రోస్కోపీ పనిముట్లు ఆ కోవలోకే వస్తాయి. మా నర్సింగ్ విద్యార్థినులకు మేము ఈ క్రమాన్ని ఇలా నేర్పుతాము.

అ) ఆరనివ్వకూడదు. ఆపరేషన్ అవుతుండగానే పనిముట్టు మీది రక్తాన్ని తడి గుడ్డతో తుడవాలి. అయ్యాక తడిగానే కడిగే గదికి పంపాలి. అడుగంటిన పాల గిన్నెను వెంటనే నానబెడితే సులువుగా వస్తుంది, మర్నాటికి ఎంత తోమినా రాదు. రక్తమూ అంతే. సెలైన్‌లో మాత్రం నానబెట్టకూడదు, ఉప్పు ఉక్కును తినేస్తుంది.

ఆ) విడదీయాలి. పిడి, గొట్టం, లోపలి కడ్డీ దేనికది విడదీయాలి. విడదీయకుండా కడిగిన పనిముట్టును కడిగినట్లు లెక్కించకూడదు.

ఇ) కడగాలి. ఎంజైము కలిపిన నీటిలో నానబెట్టి, గొట్టానికి సరిపోయే బ్రష్షుతో లోపల తోమాలి. మరీ వేడి నీళ్లు వాడితే, గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్లు రక్తం గట్టిపడి అంటుకుపోతుంది. చేతికి అందని సందుల కోసం అల్ట్రాసోనిక్ అనే మిషను ఉంటుంది. తరువాత మంచి నీటితో జాడించి, గొట్టంలోకి గాలి కొట్టి ఆరబెట్టాలి.

ఈ) చూడాలి. భూతద్దం కింద ప్రతి కీలు, ప్రతి అంచు చూడాలి. మచ్చ కనిపిస్తే తిరిగి కడగడానికి పంపాలి. మురికి మిగిలిన చోటికి ఆవిరి చేరదు. కడగకుండా క్రిమిరహితం చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఉ) ఆవిరి పట్టాలి. ఆటోక్లేవ్ మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వంటిదే. మామూలు రకంలో 121 డిగ్రీల వేడిలో కట్ట కట్టిన పనిముట్లను సాధారణంగా 30 నిమిషాలు ఉంచుతారు. లోపలి గాలిని ముందే లాగివేసే రకంలో 132 – 134 డిగ్రీల వద్ద 3 – 4 నిమిషాలు చాలు. కుక్కర్‌లో ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెడతాం కదా, లోపలి గాలి పోవాలని. ఆటోక్లేవ్‌లోనూ గాలి మిగిలితే ఆ చోటికి ఆవిరి చేరదు. గాలి పూర్తిగా పోతోందా లేదా తెలుసుకోవడానికి గాలి లాగే రకం ఆటోక్లేవ్‌లో ప్రతి ఉదయం మొదటి లోడుకు ముందు బోవీ-డిక్ పరీక్ష చేయాలి. స్కాట్లాండ్‌లో రూపొందిన ఈ పరీక్ష 1963లో ప్రచురితమైంది. పరీక్ష కాగితం అంతటా ఒకే రంగుకు మారకపోతే ఆ మిషను ఆ రోజు వాడకూడదు.

ఊ) రుజువు ఉంచాలి. కట్ట పైన అతికించిన టేపు మీద నల్లని చారలు వస్తాయి. చాలామంది ఆ చారలు చూసి "స్టెరైల్ అయింది" అనుకుంటారు. అవి ఆ కట్ట ఆటోక్లేవ్‌లోకి వెళ్లి వచ్చిందని మాత్రమే చెబుతాయి. కట్ట లోపల పెట్టిన సూచిక కాగితం కూడా మారాలి. కనీసం వారానికి ఒకసారి, పైన చెప్పిన మొండి బీజాలతోనే మిషనును పరీక్షించాలి. ఏ లోడులో ఏ పనిముట్లు వెళ్లాయి, అవి ఎవరికి వాడారు అనేది పుస్తకంలో రాయాలి. తడిగా బయటికి వచ్చిన కట్టను వాడకూడదు.

కొన్ని టెలిస్కోపులు, కెమెరా తీగలు ఇంత వేడిని తట్టుకోలేవు. వాటికి ఇథిలీన్ ఆక్సైడ్ గ్యాసు, హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా వంటి పద్ధతులున్నాయి. గ్యాసు పెట్టిన సామానులో ఆ విషవాయువు పోవడానికి చాలా గంటలు గాలి పట్టించాలి.

ఈ పనంతా ఒక సెట్టుకు పూర్తి కావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఒక్కొక్కసారి "సామాను ఇంకా సిద్ధం కాలేదు, మీ ఆపరేషన్ రేపు" అని చెప్పవలసి వస్తుంది. ఉదయం నుంచి పస్తుతో ఉన్నవారికి ఇది బాధే, మాకు తెలుసు. కాని ఆ ఆలస్యం మీ మేలుకే.

5. పద్ధతి తప్పితే ఏమవుతుంది?

చాలా చోట్ల సమయం కలిసి వస్తుందని పనిముట్లను గ్లూటరాల్డిహైడ్ అనే ద్రావణంలో ముంచి తీసి వాడే అలవాటు ఉంది. 2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ఉంచితే చాలా క్రిములు చస్తాయి, కాని మొండి బీజాలు చావవు. అవి చావాలంటే సుమారు 10 గంటలు ఉంచాలి. పైగా తీసిన తరువాత కుళాయి నీటితో జాడిస్తే, ఆ నీటిలోని క్రిములు తిరిగి అంటుకొంటాయి.

బ్రెజిల్ దేశంలోని రియో డి జెనీరో రాష్ట్రంలో 2006 – 2007లో ఇదే పెద్ద విపత్తు అయింది. లాప్రోస్కోపీ వంటి ఆపరేషన్లు అయినవారికి గాట్ల దగ్గర మానని పుండ్లు వచ్చాయి. అనుమానిత కేసులు వెయ్యి దాటాయి. క్షయ క్రిమి కుటుంబానికే చెందిన ఒక మైకోబాక్టీరియా దీనికి కారణం. అది 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌ను కూడా తట్టుకొని బ్రతికింది. 2009లో బ్రెజిల్ ప్రభుత్వ సంస్థ ఇటువంటి పనిముట్లను ద్రావణంలో ముంచి స్టెరిలైజ్ చేసే పద్ధతినే నిలిపివేసింది. మన దేశంలోనూ లాప్రోస్కోపీ గాట్ల దగ్గర ఇదే కుటుంబపు క్రిములతో పుండ్లు వచ్చినట్లు డాక్టర్లు ఎన్నోసార్లు నివేదించారు.

మనకు దగ్గరగా జరిగిన విషాదం ఇంకా మరచిపోలేదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మంది స్త్రీలకు లాప్రోస్కోపీ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తరువాతి రోజుల్లో వారిలో నలుగురు చనిపోయారు. మిగిలినవారిని హైదరాబాదుకు తరలించి చికిత్స చేశారు. ప్రభుత్వ విచారణ ఇన్‌ఫెక్షన్ నివారణలో లోపాలను ఎత్తిచూపింది. బాధ్యులైన వారి మీద చర్యలు తీసుకున్నారు. చనిపోయినవారు చిన్న పిల్లల తల్లులు. జబ్బుతో వచ్చినవారు కారు, ఆరోగ్యంగా నడిచి వచ్చినవారు.

కేంద్ర ఆరోగ్య శాఖ ప్రమాణాల ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్లలో ఒక లాప్రోస్కోపుతో రోజుకు 10 కంటే ఎక్కువ ఆపరేషన్లు చేయకూడదు. మూడు లాప్రోస్కోపులు ఉన్నా ఒక బృందం రోజుకు 30 దాటకూడదు. ఎందుకీ లెక్క? ఒక్కొక్కసారి వాడాక శుభ్రం చేయడానికి సమయం కావాలి. తొందరలో మొదట కోత పడేది ఆ సమయానికే.

6. కంటికి కనిపించని కాలిన గాయం

క్రిములు ఒక్కటే ప్రమాదం కాదు. లోపల కోయడానికి, రక్తం ఆపడానికి వాడే హుక్కులోకి కరెంటు పంపుతారు. కొస మాత్రమే వేడెక్కాలి. మిగతా కడ్డీ అంతటా ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఎన్నోసార్లు కడిగి, ఆవిరి పట్టేసరికి తొడుగులో వెంట్రుక వాసి పగులు రావచ్చు. ఆ పగులులోంచి కరెంటు బయటికి తన్ని పక్కనున్న పేగును కాల్చవచ్చు. టెలిస్కోపులో డాక్టరు గారికి కనిపించేది కొస దగ్గరి భాగమే. వెనుక కాలింది కనిపించదు. కాలిన చోట పేగుకు కొన్ని రోజుల తరువాత రంధ్రం పడవచ్చు.

అందుకే ప్రతి వాడకానికి ముందు తొడుగును భూతద్దంతో చూడాలి. కంటికి దొరకని పగుళ్లను పట్టే ఇన్సులేషన్ టెస్టర్ అనే చిన్న మిషను ఉంది. దానిని కడ్డీ పొడవునా నడిపితే పగులు ఉన్నచోట శబ్దం చేస్తుంది. పగులు తేలిన పనిముట్టును టేపు చుట్టి వాడకూడదు. ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పక్కన పెట్టవలసిందే.

7. మీరు ఏమి అడగవచ్చు?

మీరు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ మాటలు మర్యాదగా అడగండి. మంచి ఆసుపత్రి వీటికి కోపగించుకోదు.

– నాకు వాడే పనిముట్లను ఆవిరితో గాని, గ్యాసుతో గాని, ప్లాస్మాతో గాని స్టెరిలైజ్ చేస్తారా, ద్రావణంలో ముంచి తీస్తారా?

– మీ ఆటోక్లేవ్‌కు బీజాల పరీక్ష ఎప్పుడెప్పుడు చేస్తారు?

– కరెంటు పనిముట్ల తొడుగు పరీక్ష చేస్తారా?

– ఒకేసారి వాడి పారవేయవలసిన సామాను ఏదైనా మళ్లీ వాడుతున్నారా? (అటువంటి సామాను ప్యాకెట్టు మీద 2 అంకె చుట్టూ గుండ్రని గీత, దానిమీద అడ్డగీత ఉంటుంది. అది మళ్లీ వాడేందుకు పరీక్ష చేయని సామాను.)

8. ఇంటికి వెళ్లాక ఏమి చూసుకోవాలి?

గ్యాసు వల్ల ఒకటి రెండు రోజులు భుజం నొప్పి రావడం మామూలే. గాట్ల దగ్గర కొద్ది నొప్పి కూడా మామూలే. గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: లాప్రోస్కోపీ తరువాత నొప్పి రోజురోజుకు తగ్గాలి. పెరిగితే అది మామూలు కాదు.

పొట్ట నొప్పి పెరగడం, పొట్ట ఉబ్బడం, జ్వరం, చలి, వాంతులు, మూత్రం తగ్గడం, ఆయాసం, మనిషి మత్తుగా ఉండడం – వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే ఆసుపత్రికి రండి. "పొద్దున చూద్దాం" అనుకోవద్దు. ఊళ్లో ఇంజక్షన్ చేయించుకొని ఊరుకోవద్దు.

గాటు మానిపోయిన మూడు నాలుగు వారాలకు, కొందరికి ఇంకా ఆలస్యంగా, అక్కడ చిన్న గట్టి గడ్డ లేచి నీరు గాని చీము గాని కారితే, దాన్ని సెగగడ్డ అనుకొని వదిలేయకండి. మామూలు మందులకు తగ్గకపోతే మైకోబాక్టీరియా అని అనుమానించాలి. ఆ చీమును ల్యాబుకు పంపి కల్చర్ చేయించాలి. చికిత్స నెలల తరబడి ఉంటుంది గాని సరైన మందులతో నయమవుతుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి తప్పక తెలియజేయండి. మీరు చెబితేనే అదే రోజు అదే సెట్టు వాడిన ఇతరులను కూడా పిలిచి చూడగలుగుతారు. రికార్డు పుస్తకం రాసేది అందుకే.

పనిముట్టు వల్ల హాని జరిగితే తెలియజేయడానికి దేశంలో 2015 జూలై నుంచి మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం నడుస్తోంది. దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తుంది. డాక్టర్లు, నర్సులే కాదు, రోగులు కూడా దీనికి తెలియజేయవచ్చు. ఫారము నింపడం తెలియకపోతే వార్డు సిస్టర్‌ను అడగండి.

ముగింపు

అనుమతి పత్రం పనిముట్టుకు ఒకసారి వస్తుంది. పరీక్ష మాత్రం ప్రతి రోగికి ముందు జరగాలి. కడిగే గదిలో బ్రష్షు పట్టుకొని నిలబడే ఉద్యోగిని పేరు రోగికి తెలియదు, ఆపరేషన్ చేసిన డాక్టరు గారి పేరే తెలుస్తుంది. కాని ఆమె పని సరిగ్గా జరగకపోతే డాక్టరు గారి నైపుణ్యం ఒక్కటే రోగిని కాపాడలేదు. ఆసుపత్రి ఖర్చులు తగ్గించుకోవాలని పెద్దలు కూర్చొని మాట్లాడేటప్పుడు, కడిగే గదికి కావలసిన మనుషులు, నీళ్లు, బ్రష్షులు, సమయం – వీటిలో మాత్రం కోత పెట్టవద్దని మా మనవి.

నేర్చుకొన్నది సరిచూసుకుందాం

(కుటుంబంలో అందరూ కలిసి చదివి జవాబులు చెప్పుకోండి.)

1. లాప్రోస్కోపీ కత్తెరను కడగడం మామూలు కత్తెరను కడగడం కంటే ఎందుకు కష్టం?
2. కంపెనీకి వచ్చిన అనుమతి పనిముట్టు ఒక్కదానికేనా? ఇంకా దేనితో కలిపి వచ్చినట్లు?
3. టేపు మీద నల్లని చారలు ఏమి చెబుతాయి? ఏమి చెప్పవు?
4. గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు ముంచితే ఎందుకు సరిపోదు?
5. ఆపరేషన్ అయిన మూడో రోజు నొప్పి పెరుగుతూ పొట్ట ఉబ్బితే ఏం చేయాలి?
6. నెల తరువాత గాటు దగ్గర గడ్డ లేస్తే ఎవరికి చెప్పాలి? ఎందుకు?